జలాశ్వ వయసు 2007 నుంచి లెక్కపెట్టకుండ్రి

ఎడిటర్ గారికి నమస్తే,

నేవీల కొత్త యుద్ధనౌక చేరిందంటే ఫస్ట్ పేజీల ఫొటో వేస్తరు, మిసైల్ ఎంత దూరం పోతదో కూడ రాస్తరు, గని మనుషుల్ని, ట్యాంకుల్ని, సామాన్ని మోసే ఓడల గురించి రాసుడే తక్కువ. వరంగల్ల ఉన్నోళ్లకు ఓడల ముచ్చటెందుకు అంటరేమో, 2023 జులైల భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరు వరదల మునిగినప్పుడు బోట్ల కోసం ఎట్ల ఎదురుచూసిన్రో మా దిక్కు ఎవ్వలూ మర్చిపోలే.

వైజాగ్‌ల ఉండే ఐఎన్ఎస్ జలాశ్వనే తీసుకోండి. 2007 జూన్‌ల మన నేవీల చేరింది కాబట్టి అప్పటి ఓడే అనుకుంటరు చానామంది, కానీ అది అమెరికాల సియాటెల్‌ల కట్టింది, 1971 మార్చిల ట్రెంటన్ పేరుతోటి డ్యూటీ ఎక్కింది. 1991 జనవరిల సోమాలియాల గొడవలైనప్పుడు మొగదిషుల అమెరికా ఎంబసీల ఉన్నోళ్లను తరలించిన ఓడల్ల అదొకటి, 2006ల లెబనాన్ నుంచి కూడ జనాన్ని తెచ్చింది. మన చేతికొచ్చినంక 2020 మేల ఒక్క ట్రిప్పుల 698 మందిని మాల్దీవుల నుంచి కొచ్చికి తెచ్చింది, మరుసటేడు కరోనా సెకండ్ వేవ్‌ల ఆక్సిజన్ ట్యాంకులు మోసింది. జెండా మారింది గని పని మారలే.

దీని వెనక భాగంల పెద్ద డాక్ ఉంటది, ఓడ లోపలుండే ఖాళీ ట్యాంకుల్ల సముద్రం నీళ్లు నింపితే ఓడ వెనక కొంచెం కిందికి దిగుతది, గేటు తెరిస్తే లోపలున్న పడవలు సామానుతోటి తేలుకుంట బయటికొస్తయి, అంటే తుఫానుకు పోర్టు పాడైనా ఒడ్డుకు సామాను చేరుతది. మామూలు కార్గో షిప్పు ఆ పని చెయ్యలేదు.

ఈ ఓడను తొందరపడి కొన్నరని 2008ల సర్కారు ఖర్చుల లెక్కలు చూసే కాగ్ తప్పుపట్టింది, అదే ఏడు ఫిబ్రవరిల ఓడల విషవాయువు లీకై నేవీ వాళ్లు చనిపోయిన్రు, ఇవి కూడ రాయాలె. నా లెక్కల కాగ్ చెప్పింది కరెక్టే, అయినా ఓడ పెట్టిన డబ్బులకు మించే పని చేసింది.

గవర్నమెంటు బండ్లకు 15 ఏండ్లు దాటితే స్క్రాప్ అంటున్నరు, ఇక్కడేమో 50 దాటిన ఓడ మీద ఆధారపడ్డం! ట్యాంకుల్ని, సైనికుల్ని ఒడ్డుకు చేర్చే ఇంకో నేవీ ఓడ ఐఎన్ఎస్ మగర్ 2025 మేల రిటైరైంది. జలాశ్వ అసొంటి పెద్ద ఓడలు నాలుగు కొత్తయి కట్టాలని పదేండ్ల కంటె ఎక్కువనుంచి టెండర్ల ముచ్చటే నడుస్తున్నది, ఇప్పటిదాక ఒక్కటి కూడ నీళ్లల్ల దిగలే. మీ వైజాగ్ రిపోర్టర్‌తోటి దీని మీద ఒక స్టోరీ రాపియ్యండి, జలాశ్వను ఇంకెన్నేండ్లు నడుపుతరో, దాని జాగల ఏం తెస్తరో అడగమనండి.

ఇట్లు,
మీ పాఠకుడు, హన్మకొండ