ఎల్.సి. (లైన్ క్లియర్) తీసుకున్నాకే పోలెక్కాలి

హాంబుర్గ్ నుంచి

నాన్నా,

ఎలా ఉన్నావు? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? పంపిన జీడిపప్పు మొన్న అందింది. మన ఉద్దానం వాసన ఇల్లంతా నిండింది.

తమ్ముడి సంగతి ఫోన్లో సగంలోనే ఆగిపోయింది. ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్) వాళ్లకి ఉద్యోగాలు లేవట, సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కి హైదరాబాద్ పోతాడట అని చెప్పి నువ్వు ఊరుకున్నావు. నీ బాధ నాకు తెలిసింది. అయినా వాడిని తిట్టకు. ఈ మూడేళ్లలో కరెంటుని పుస్తకంలో తప్ప వాడు ఎక్కడ చూశాడు? నా చదువూ అలాగే గడిచింది. ల్యాబులో ఒక మోటారు చుట్టూ పన్నెండు మందిమి నిలబడేవాళ్లం. ఒకరు నడిపితే మిగతా అందరం రీడింగులు దించుకునేవాళ్లం. లైన్‌మన్ కూతుర్ని అయ్యుండి, నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివి, లైనుకి సప్లై ఆపే ఏబీ స్విచ్ ఒక్కటి కూడా నా చేత్తో తియ్యలేదు.

ఇక్కడ కరెంటు పని నేర్చుకోడానికి నా దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరు స్కూలు అయిపోగానే చేరినవాళ్లు. వాళ్లది మూడున్నరేళ్ల కోర్సు. కొన్నాళ్లు క్లాసులు, కొన్నాళ్లు కంపెనీలో పని, మొదటి నెల నుంచే జీతం. ఇంజనీరింగ్ డిగ్రీ చదువుతున్నవాళ్లూ వస్తారు. ఎవరొచ్చినా ముందు నేర్పేవి ఐదు సూత్రాలు. సప్లై ఆపు. మళ్లీ ఎవరూ వెయ్యకుండా తాళం వెయ్యి. కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకో. లైన్లని భూమికి కలిపి (ఎర్త్), ఒకదానికొకటి కలిపెయ్యి (షార్ట్). పక్కన కరెంటు ఉన్న భాగాలుంటే కప్పు. ఈ వరస తప్పకూడదు. టెస్టర్ వాడే ముందు అది పనిచేస్తోందో లేదో కూడా చూసుకోవాలి.

మొదటిసారి ఇవి విన్నప్పుడు నాకు నువ్వే గుర్తొచ్చావు. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎల్.సి., అంటే సప్లై ఆపాం, పని చేసుకోవచ్చు అనే అనుమతి, తీసుకునేవాడివి, నంబరు రాసుకునేవాడివి, ఏబీ స్విచ్ తీసి తాళం వేసి ఆ తాళం చెవి నీ జేబులోనే పెట్టుకునేవాడివి. ఎర్త్ రాడ్ వేసేటప్పుడు ముందు భూమి వైపు క్లాంపు, తర్వాతే లైన్ వైపు. తీసేటప్పుడు తిరగేసి. గుమ్మంలో కూర్చుని రాడ్ తుడుస్తూ ఇది నువ్వు నాకు చిన్నప్పుడే చెప్పావు. అప్పుడు కథలా విన్నాను. ఇప్పుడు రోజూ అదే పాఠం చెబుతున్నాను నాన్నా.

తిత్లీ తుఫాను తర్వాత జరిగింది కూడా పిల్లలకి చెబుతాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వచ్చిన గాలికి పలాస చుట్టూ కొబ్బరి చెట్లూ, జీడి తోటలూ, స్తంభాలూ ఒక్కటిగా పడుకున్నాయి. మిగతా జిల్లాల నుంచి వచ్చిన వాళ్లతో కలిసి నువ్వు రోజుల తరబడి ఇంటికి రాలేదు. ఆ హడావుడిలో మీ జట్టులో ఒకాయన ఎల్.సి. ఉంది కదా అని ఎర్త్ రాడ్ వెయ్యకుండానే లైను పట్టుకున్నాడు. వీధిలో ఎవరో, ఇంటిని లైను నుంచి విడదీసే ఛేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ పెట్టారు. ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక నుంచి ఎక్కి 11 కేవీ (11 వేల వోల్టులు) అయింది. ఆయన ప్రాణం దక్కింది గాని చెయ్యి కాలిపోయింది.

ఇది చెప్పి, బల్ల మీద ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడతాను. 230ని 12 వోల్టులు చేసేది. దానికి వెనక నుంచి 12 ఇస్తే అటువైపు మీటరు 230 దగ్గరికి పోతుంది. క్లాసులో మాట ఉండదు.

ఈ పాఠం ఇక ముందు మనవాళ్లకి ఇంకా కావాలి. 2024లో మొదలైన సూర్య ఘర్ పథకంలో కోటి ఇళ్ల మీద సోలార్ పెట్టాలన్నారు. అంటే ప్రతి డాబా ఒక చిన్న పవర్ స్టేషన్. లైన్లో సప్లై పోగానే, సోలార్ కరెంటుని లైన్లోకి పంపే ఇన్వర్టర్లు వాటంతటవే ఆగిపోవాలి. ఆగుతున్నాయో లేదో చూడాలంటే ఇంజనీరుకి కంప్యూటరూ రావాలి, స్తంభం మీద ఉన్న మనిషీ గుర్తుండాలి. తమ్ముడికి కోడింగ్ ఇష్టమైతే ఈఈఈ వదలక్కర్లేదు. లైన్లో తేడా వస్తే సప్లై తెంచే రిలేలూ, దూరం నుంచే లైన్లని చూసి నడిపే స్కాడా అన్నీ ఇప్పుడు సాఫ్ట్‌వేరే. వాడికి ఈ మాట ఎవరూ చెప్పలేదు, నాకు కోపం అక్కడే వస్తోంది.

అందుకని ఒక పని చెయ్యి. సంక్రాంతికి వాడు వచ్చినప్పుడు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారిని అడిగి, ఒప్పుకుంటే పది రోజులు మీ పాత జట్టుతో పంపు. స్తంభం ఎక్కనివ్వొద్దు, దేన్నీ ముట్టుకోనివ్వొద్దు. కింద నిలబడి ఎల్.సి. ఎలా తీసుకుంటారో, ఎలా తిరిగి ఇస్తారో చూస్తే చాలు. నువ్వూ పక్కనే ఉండు. ఆ తర్వాత కూడా హైదరాబాదే పోతానంటే పోనీ, ఫీజు నేను కడతాను.

హెల్మెట్‌కీ బూట్లకీ డబ్బులు వేశాను. వాడి సైజు చూసి కొత్తవే కొను, నీ పాతవి ఇవ్వకు.

నీ పెద్దమ్మాయి