నాణెం పక్కన పెట్టి తీసిన ఫొటోతో తూటా వయసు తేలదు

సంపాదకులకు నమస్కారం.

మెటల్ డిటెక్టర్‌కు ఒక సీసపు ముద్ద తగులుతుంది. దొరికినవాళ్లు దాన్ని తళతళలాడేలా తోమి, పక్కన నాణెం పెట్టి ఫొటో తీస్తారు. మర్నాడు పేపర్లో 'ఫలానా యుద్ధం నాటి తూటా' అని శీర్షిక పడుతుంది. ఆ ఒక్క ఫొటో చూసి యుద్ధం పేరు చెప్పడం ఎంత అనుభవజ్ఞుడికైనా సాధ్యం కాదు. ఇకమీదట ఇలాంటి వార్త వేసేటప్పుడు వ్యాసం (అడ్డుకొలత) మిల్లీమీటర్లలో, బరువు గ్రాముల్లో, అడుగుభాగం ఫొటో అడిగి తీసుకోండి. ఈ మూడూ లేకపోతే 'పాత తూటా' అని రాసి ఊరుకోవడం మేలు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది అది వట్టి బుల్లెట్టా, మొత్తం తూటానా అన్నది. ఇత్తడి గొట్టం, లోపల మందు, అడుగున ప్రైమర్ (మందును అంటించే చిన్న పేలుడు బిళ్ల), కొసన బుల్లెట్ కలిస్తే తూటా. గొట్టంతో సహా దొరికిందంటే కొలతల జోలికి పోకుండా ఉన్నచోటే వదిలి పోలీసులకు చెప్పాలి. దశాబ్దాలు మట్టిలో ఉన్నా ప్రైమర్ పేలవచ్చు. లోపల నిప్పు రాజేసే మందు ఉందని తెలిపే కొసరంగు మట్టిలో చెరిగిపోయి ఉండవచ్చు. వ్యాసం 20 మిల్లీమీటర్లు, అంతకు మించినవైతే అసలు ముట్టుకోకూడదు. పేలిపోయిన ఖాళీ గొట్టమైతే పని సులువు, దాని అడుగున చాలాసార్లు కార్ఖానా గుర్తు, సంవత్సరం ఉంటాయి. బుల్లెట్ మీద సాధారణంగా అలాంటి రాత ఉండదు. దాన్ని కొలవాల్సిందే.

స్కేలు పనికిరాదు, వెర్నియర్ కాలిపర్స్ కావాలి. బ్రిటిష్ .303 రైఫిల్ బుల్లెట్ వ్యాసం సుమారు 7.9 మి.మీ. కలాష్నికోవ్ (ఏకే-47) రైఫిల్ వాడే 7.62×39 బుల్లెట్‌దీ దాదాపు అంతే. తేడా తేల్చేది తక్కెడే. 1910 నాటి .303 మార్క్ 7 బుల్లెట్ 11.3 గ్రాములు తూగితే, రెండోది 8 గ్రాముల దగ్గర ఆగుతుంది. మొదటిదాని నమూనా మొదటి ప్రపంచయుద్ధానికి ముందుది, రెండోదాని నమూనా రెండో ప్రపంచయుద్ధ కాలంలో రూపొందింది; అంటే ఆ బుల్లెట్ అంతకు ముందుది కాదని మాత్రమే చెప్పగలం. పైన రాగి లేదా నికెల్ కలిసిన లోహపు తొడుగు ఉంటే 1880లకు ముందుది కాదని ధైర్యంగా అనుకోవచ్చు. అయస్కాంతం పట్టుకుంటే తొడుగులోనో లోపలో ఉక్కు ఉందన్నమాట.

కాల్చిన బుల్లెట్ ఒంటిమీద తుపాకీ గొట్టంలోని మెలికల గీతలు పడతాయి. మొన పైకి పెట్టి చూడండి: గీతలు కుడికి వాలితే కుడి మెలిక, ఎడమకు వాలితే ఎడమ. .303 కాల్చే బ్రిటిష్ రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్‌ది సాధారణంగా ఎడమ మెలిక, అయిదు గాడులు. జర్మన్ రైఫిల్ మౌజర్ 98ది కుడి మెలిక, నాలుగు గాడులు. గీతలే లేకపోతే కాల్చకుండా జారిపోయిందైనా కావచ్చు, నున్నటి గొట్టం తుపాకీదైనా కావచ్చు.

ఎక్కువ పొరపాట్లు గుండ్రటి సీసపు గుండ్ల దగ్గరే. నలిగిపోయి వ్యాసం దొరకకపోయినా బరువు ఉంటుందిగా. గ్రాముల్లో బరువును 5.94తో భాగించి ఘనమూలం తీస్తే సెంటీమీటర్లలో అసలు వ్యాసం వస్తుంది. 24.3 గ్రాములైతే 1.6 సెం.మీ., 31.8 గ్రాములైతే 1.75 సెం.మీ. రెండోది బ్రిటిష్ బ్రౌన్ బెస్ మస్కెట్ (నున్నటి గొట్టం ఉన్న పాతకాలపు తుపాకీ) గుండు కొలత. ముక్క ఊడిపోతే ఈ లెక్క తక్కువ చూపిస్తుంది. అయితే 12.5 మి.మీ., 11 గ్రాములు ఉండి, గోరు దిగనంత గట్టిగా, ఒంటిమీద అక్కడక్కడా చదునుగా అణిగిన ముఖాలుంటే అది మస్కెట్‌ది కాకపోవచ్చు. మొదటి ప్రపంచయుద్ధపు ష్రాప్నెల్ షెల్లులో (పేలి గుండ్లు చిమ్మే ఫిరంగి గుండులో) ఒకదాన్నొకటి ఒత్తుకుని కూర్చున్న గుండ్లు ఇలాగే ఉంటాయి. నడిమధ్య చిల్లు ఉంటే అది గాలపు తాడు బరువు కావచ్చు, ఆశపడకండి. పంటిగాట్లు కనిపిస్తే శస్త్రచికిత్సలో సైనికుడు కొరికాడని కథ అల్లుతారు కానీ, పందులూ కొరుకుతాయి.

1849 తర్వాతి మినీయే రకం బుల్లెట్ వేరు. మొన కోసుగా ఉండి అడుగు బోలుగా ఉంటుంది. మందు పేలగానే ఆ అంచు విచ్చుకుని గాడుల్ని పట్టుకుంటుంది. అందుకే అడుగు ఫొటో అడగమంటున్నాను. బోలు లోతు, అంచు విచ్చుకుందా లేదా అన్నది పక్కనుంచి తీసిన ఫొటోలో కనపడదు.

తోమడం గురించి ఒక మాట. సీసం మీది తెల్లటి పొర మురికి కాదు, కవచం. వెనిగర్‌లో నానబెడితే పొర పోయి, సీసం కరిగి విషపు లవణమవుతుంది. మంచినీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. ఆ తర్వాత చేతులు కడుక్కోవాలి. ఓక్ చెక్కపెట్టెలో దాచకండి, ఆ చెక్క ఆవిర్లు సీసాన్ని తినేస్తాయి.

దొరికిన చోటు చెరిగిపోతే వస్తువు విలువ సగం పోతుంది. అమెరికాలో 1876 నాటి లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమిలో 1983లో గడ్డి తగలబడ్డాక, 1984లో మెటల్ డిటెక్టర్లతో వెతికి ప్రతి బుల్లెట్, ప్రతి తూటా గొట్టం పడిన చోటు గుర్తించారు. ఆ గొట్టాల అడుగున తుపాకీ పిన్ను కొట్టిన గుర్తులు పోల్చి ఒక్కో తుపాకీ ఎటు కదిలిందో చూపగలిగారు. అందరూ ఒక గుప్పెడు ఏరి జేబులో వేసుకుని ఉంటే అది జరిగేది కాదు. కాబట్టి రక్షిత స్థలం కానిచోట, అనుమతితో వెతికేవారు ఒక్కో వస్తువునూ విడి కవర్లో వేసి, పైన అక్షాంశ రేఖాంశాలు, లోతు, మొన ఎటు తిరిగి ఉందో రాయాలి. పేపర్లో మాత్రం ఆ చోటు ఖచ్చితంగా వేయకండి. మర్నాడే పలుగులు పట్టుకుని జనం వస్తారు.

ఇట్లు,
ఒక పాఠకుడు