ఆ దుమ్ము పసి నక్షత్రానిది కాదండీ

సంపాదకులు గారికి, నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో దూరాన ఉన్న జంట నక్షత్రాల చుట్టూ దుమ్ము పళ్లెం కనబడిందని నాలుగు లైన్లు వేసి, పక్కనే అరపేజీ రాశిఫలాలు వేశారు. రాశిఫలాల మీద నాకేం కోపం లేదు, మా ఇంట్లో పొద్దున్నే ముందు చదివేది అవే. కానీ ఆ నాలుగు లైన్లలో ‘కొత్త నక్షత్రం పుడుతోంది’ అన్నారే, అది పూర్తిగా తిరగబడింది. వయసు మళ్లిన నక్షత్రం ఉబ్బి పై పొరలు వదిలేస్తుంటే, పక్కన తిరిగే జోడీ లాగడం వల్ల అందులో కొంత ఎటూ పోలేక రెండింటి చుట్టూ తిరుగుతూ ఉండిపోతుంది. 2016లో చిలీలో నాలుగు టెలిస్కోపుల వెలుగు కలిపి, 4,000 కాంతి సంవత్సరాల దూరంలో అలాంటి దుమ్ము ఉంగరాన్ని స్పష్టంగా చూపించారు. చూడ్డానికి గ్రహాలు పుట్టే పళ్లెంలాగే ఉంటుంది, అందుకే ఈ ముసలి వయసులో మళ్లీ గ్రహాలు కడతాయా అని వెతుకుతున్నారు.

ఇదంతా చిలీ వాళ్ల గొడవ అనుకోకండి. చలికాలంలో బాగా మెరిసే బ్రహ్మహృదయం (కాపెల్లా) నక్షత్రం పక్కన చిన్న త్రికోణంలా మూడు చుక్కలుంటాయి, వాటిలో దానికి దగ్గరగా ఉన్నది ఎప్సిలాన్ ఆరిగే. అదీ వయసు మళ్లినదేనని చాలామంది అంటారు. ఇక్కడ దుమ్ము పళ్లెం దాని జోడీ ఒక్కదాని చుట్టూనే ఉంది. 27 ఏళ్లకోసారి అది అడ్డొస్తే దాదాపు రెండేళ్ల పాటు వెలుగు సగానికి పడిపోతుంది. 2010 డిసెంబరులో బెజవాడ లైట్లు తప్పించుకుని బ్యారేజీ దాటి, పెనుమాక వైపు పొలం గట్టున స్కూటర్ ఆపి చూశాను. మూడింటిలో పెద్దగా మెరవాల్సింది పక్క చుక్క కంటే మసగ్గా ఉంది, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసినా అంతే. (ఇప్పుడు అటు కూడా లైట్లే.) దీనికి టెలిస్కోపు అక్కర్లేదు, ఆ రెండేళ్లూ మామూలు జనం ఉత్త కళ్లతో చూసి పంపిన లెక్కలు కూడా శాస్త్రవేత్తలకు పనికొచ్చాయి.

మళ్లీ 2036లో మొదలవుతుంది. ఇప్పుడు బడికెళ్తున్న పిల్లలు చూస్తారు, చూడ్డానికి ముందు మామూలుగా ఎంత వెలుగుంటుందో వాళ్లకు తెలియాలి కదా. నెలకోసారి ఆ నెల ఆకాశం పటం ఒకటి వేయండి సార్, చిన్నదైనా ఫర్వాలేదు. రాశిఫలాల పక్కనే వేస్తే మరీ మంచిది, ఆ పేజీ ఎవరూ వదలరు.

– మీ పాత చందాదారుడు,
సత్యనారాయణపురం, విజయవాడ