పూతలో మొక్కల నూనె ఎంతో డబ్బా మీద చెప్పాలి

సంపాదకులకు,

గచ్చు మీదా చెక్క మీదా వేసే పాలీయూరిథేన్ పూతలను ‘మొక్కల నూనెతో చేసినవి’ అంటూ అమ్మడం పెరుగుతోంది. ఈ మార్పు మంచిదే, రావలసిందే. కానీ ఆ ప్రకటన చెప్పేది సగమేనని కొనేవారికి తెలియాలి.

పాలియాల్, ఐసోసయనేట్ అనే రెండు భాగాలు కలిసి గట్టిపడితే పాలీయూరిథేన్ అవుతుంది. నూనెల నుంచి వచ్చేది సాధారణంగా మొదటి భాగమే. అందులో ఆముదానికి సాటి లేదు. దానిలోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు 85 నుంచి 90 శాతం దాకా ఉండే రిసినోలిక్ ఆమ్లానికి 12వ కార్బన్ వద్ద, ఐసోసయనేట్‌తో కలిసే హైడ్రాక్సిల్ సమూహం (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) పుట్టుకతోనే ఉంటుంది కాబట్టి, ఆముదాన్ని రసాయనికంగా మార్చకుండానే పాలియాల్‌గా వాడుకోవచ్చు. సోయా నూనెకు ఆ సౌలభ్యం లేదు, సాధారణంగా దాన్ని ముందు ఎపాక్సీగా, అంటే ఆక్సిజన్ వలయాలున్న రూపంలోకి మార్చి, తర్వాత ఆ సమూహాలను తెప్పించాలి. పైగా ఆముదం వంటనూనె కాదు గనుక, తినే నూనెను నేలకు పూస్తున్నారన్న అభ్యంతరం దానికి అంతగా వర్తించదు.

దాని పొడవైన కొవ్వు గొలుసులు నీటిని దరిచేరనివ్వవు, పూతకు సాగే గుణాన్నీ ఇస్తాయి. అయితే నూనె తేమను పూర్తిగా తీసేయకపోయినా, ఆరని కాంక్రీటు మీద పోసినా, ఐసోసయనేట్ ఆ నీటితో కలిసి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది, నున్నగా ఉండాల్సిన నేలంతా బుడగలు, సూదిమొనంత రంధ్రాలు తేలతాయి. ఆ నిందను నూనె మీద వేయడం అన్యాయం. పనిలో తొందరే దానికి కారణం.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రెండో డబ్బా. అందులోని ఐసోసయనేట్ ఇప్పటికీ ఎక్కువగా పెట్రోలియం నుంచే వస్తోంది. దాని ఆవిరి, తుంపరలు పీల్చినవారికి ఉబ్బసం రావచ్చు, ఒకసారి శరీరానికి పడకుండా పోయాక అతి స్వల్ప మోతాదు కూడా ఆయాసం తెస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో 0.1 శాతానికి మించి డైఐసోసయనేట్ మోనోమర్లు (ఇంకా గొలుసుగా కలవని విడి ఐసోసయనేట్ అణువులు) ఉన్న ఉత్పత్తులను పనిలో వాడేవారికి 2023 ఆగస్టు 24 నుంచి శిక్షణ తప్పనిసరి అయింది. డబ్బా మీది ఆకు బొమ్మను చూసి మాస్కు, చేతితొడుగులు అక్కర్లేదని పనివాడు అనుకుంటే, ఆ పొరపాటు అతనిది కాదు, అలా అచ్చువేసినవారిది.

పూతలోని కార్బన్‌లో మొక్కల నుంచి వచ్చినది ఎంతో రేడియోకార్బన్ పరీక్షతో తేల్చవచ్చు, అందుకు ఏఎస్‌టీఎం డీ6866 అనే ప్రామాణిక పద్ధతి ఉంది. కాబట్టి తయారీదారులు ఒక్క పాలియాల్ లెక్కను కాక, రెండు భాగాలూ కలిసి గట్టిపడిన పూతలో ఆ శాతం ఎంతో, హెచ్చరికల పక్కనే అంతే పెద్ద అక్షరాలతో ముద్రించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
పూతల రంగంలో పనిచేస్తున్న ఒక పాఠకుడు