ముగ్గులో ఎర్ర చుక్క

నెల్లూరు,
ధనుర్మాసం, సోమవారం పొద్దున

ఒరేయ్ గుమాస్తా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకో, పడతాను. దసరాకు రాద్దామనుకున్నాను, దీపావళికి సగం రాశాను, ఆ సగం ఎక్కడ పెట్టానో దొరకలేదు. అందరం కులాసా. మా ఆవిడ బదిలీ ఆగింది, చిన్నవాడికి ముందు పళ్ళు రెండూ ఊడాయి. మిగతావి తర్వాత. ముందు ఇది విను: పెద్దమ్మ స్టీరింగ్ పంపు విప్పి, ఆయిలు కారకుండా ఆపే రబ్బరు సీలు మార్చి, మళ్ళీ బిగించాను. నేనే! కావలిలో సైకిలు గొలుసు ఎక్కించబోయి నేను... సరే, అది మన ఇద్దరికే తెలుసు, ఇంట్లో ఎవరైనా ఈ ఉత్తరం చదువుతారేమో.

పెద్దమ్మ అంటే నాన్న 2003లో కొన్న తెల్ల కారు. మైపాడు ఇసుకలో కూరుకుపోయినప్పుడు నువ్వు సీట్లోంచి కదలకుండా లోపలినుంచే తోశావే, అదే.

నెల మొదట్లో ఒకరోజు అమ్మ వచ్చి, "ముగ్గులో కుంకుమ చల్లింది ఎవరు?" అంది. చూస్తే నిజమే, తెల్లటి ముగ్గు మధ్య ఎర్రటి చుక్క. ఎదురింటావిడ ఎవరో చేయించారని తేల్చేసింది. సాయంత్రం కారు చక్రం కింద నిమ్మకాయ తొక్కించారు. మర్నాడు రెండు చుక్కలు! అప్పుడు గుర్తొచ్చింది నాకు, గేటు తీయడానికి రోజూ కారును ఒక్క నిమిషం ఆపేది సరిగ్గా అక్కడేనని. వేలితో తాకి వాసన చూశాను. పవర్ స్టీరింగ్ ఆయిలు. రంగు చూసి రక్తమనుకోకుండా కుంకుమ అనుకోవడం అమ్మ మంచితనం.

చాలా రోజులుగా స్టీరింగు తిప్పినప్పుడల్లా ఒక మూలుగు. ట్రంకు రోడ్డులో కారు మళ్ళిస్తుంటే పక్కన రిక్షాలో వెళ్ళే పెద్దాయన తిరిగి చూసేవాడు. పైన డబ్బాలో ఆయిలు పోస్తూ వచ్చాను, అది కింద ముగ్గులో పోస్తూ వచ్చింది. ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్తే కిందికి వంగి చూసి స్టీరింగ్ ర్యాకు (ముందు చక్రాల్ని పక్కకు మళ్ళించే కడ్డీ) తడిసిందన్నారు, ర్యాకూ పంపూ రెండూ మార్చాలన్నారు, 28 వేలు అన్నారు. నీ ముఖం గుర్తొచ్చింది. హాస్టల్లో అయిదు పైసల లెక్క తేలలేదని రాత్రి పన్నెండు దాకా అందరినీ కూర్చోబెట్టిన ముఖం.

ఆటోనగర్‌లో ఒక భాయ్ ఉన్నాడు, డెబ్బై దాటిన మనిషి, ఇప్పుడు పని మానేసి షెడ్డు ముందు కుర్చీలో కూర్చుంటాడు. ఆయనకు చెప్తే నవ్వాడు. "నేల మీద చుక్క చూసి దాని పైన ఉన్నదల్లా మారుస్తారా బాబూ?" అని మా ఇంటికే వచ్చాడు. పంపును, గొట్టాలను గుడ్డతో శుభ్రంగా తుడిపించాడు. పొడి కావాలన్నాడు. ముగ్గు పిండి తెచ్చాను. అదేనా తెలివి అన్నట్టు చూసి, ఆ రాతి పొడి బేరింగులో పడితే పంపు నిజంగానే పోతుంది, ముఖానికి రాసుకునే పౌడరు పట్రా అన్నాడు. మా ఆవిడ డబ్బా సగం ఖాళీ. (ఇంకా తెలియదు. నువ్వు ఫోనులో నోరు జారకు.) అంతటా చల్లి, ఇంజను వేసి, స్టీరింగు నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి ఆపాం. బెల్టు తిరిగే పుల్లీ వెనక, పంపు ఇరుసు బయటికి వచ్చే చోట, పౌడరు మీద ఒక తడి గీత. అక్కడినుంచి కారిన ఆయిలు పంపు అడుగునుంచి ర్యాకు మీద పడుతోంది, ర్యాకు మీదనుంచి మా వాకిట్లోకి. ర్యాకు పాపం నిర్దోషి.

"సీలు ఒక్కటే. విప్పుతావా?" అన్నాడు. చేతులు వణుకుతాయట ఆయనకు, నన్ను చేయమన్నాడు, తను పక్కన కుర్చీ.

డబ్బాలోని ఆయిలును పెద్ద సిరంజితో తోడేశాను. బెల్టు వదులు చేసి తీశాను. ఆయిల్లో నానిన బెల్టు ఉబ్బి మెత్తబడిపోయింది, దాన్నీ మార్చాల్సిందే. ప్రెజరు గొట్టం బోల్టుకు అటొకటి ఇటొకటి రాగి వాషర్లు ఉంటాయి, పాతవి మళ్ళీ వేయకూడదట. పుల్లీ నట్టు మాత్రం గంట తీసుకుంది, నా ఎడమ చేతి రెండు వేళ్ళ చర్మం కూడా. పంపు లోపల ఏమనుకున్నావు? గాడులున్న చిన్న చక్రం, ఆ గాడుల్లో పది పలుచని ఇనుప రెక్కలు. చక్రం తిరిగితే రెక్కలు బయటికి జరిగి గోడకు ఒరుసుకుంటూ ఆయిలును నెడతాయి. అంతే. కోడిగుడ్డంత లేని ఆ ఏర్పాటు టన్ను బరువు కారు ముందు చక్రాల్ని తిప్పుతుంది! టైరులో గాలి 30 పౌండ్లయితే ఇది 1000 దాటిస్తుందట. నాకు కాసేపు మాట రాలేదు.

తర్వాత మాట వచ్చింది, ఎందుకంటే రెక్కలు తొమ్మిదే ఉన్నాయి. గుమాస్తా, నువ్వుండాల్సింది రా! పదీ లెక్కబెట్టి రసీదు రాయించుకునేవాడివి. కొలత పట్టీ తీసుకుని చిన్నవాడు మంచం కింద దూరాడు, అమ్మ చీపురు తెచ్చింది, గొబ్బెమ్మలు కూడా తిరగేసి చూశాం. ఎదురింటావిడ నిమ్మకాయ గురించి మళ్ళీ ఎత్తింది. గంటన్నర తర్వాత భాయ్ చక్రాన్ని చేతిలోకి తీసుకుని గోటితో గీరితే పదోది గాడిలోనే ఉంది, మడ్డి పట్టి బిగుసుకుపోయి. మూలుగులో దాని వంతూ ఉంది. దాన్ని కడిగి వదిలాం. రెక్కలకు ఒక అంచు గుండ్రంగా ఉంటుంది, అది బయటి వైపుకే ఉండాలి. నేను మూడు తిరగేసి పెట్టాను, చెప్పకపోతే బిగించేసేవాణ్ణి.

పాత సీలు చేతిలో పెట్టాడు. రబ్బరులా లేదు, గాజులా పగిలింది. వేడికి అలా అవుతుందన్నాడు, స్టీరింగు చివరిదాకా తిప్పి అలాగే పట్టుకుంటే ఆయిలు కాగిపోతుందట. నాకు నాన్న కనిపించాడు. గేటు దగ్గర స్టీరింగు పూర్తిగా మళ్ళించి, ఇంజను ఆపకుండా, కుడి చెయ్యి దాని మీదే ఉంచి ఎదురింటాయనతో పావుగంట మాట్లాడేవాడు కదా. అమ్మ కూడా అదే అనుకుందేమో, లోపలికి వెళ్ళిపోయింది. కారు అమ్మేద్దామని పోయిన ఏడాది నేను అన్నప్పుడు తను... ఆ సంగతి వచ్చినప్పుడు చెప్తాను.

కొత్త సీలూ, ఓరింగులూ, వాషర్లూ, బెల్టూ, ఆయిలూ కలిపి 1640 రూపాయలు. రాసుకో. భాయ్ డబ్బు ముట్టలేదు, అమ్మ చేపల పులుసు పంపింది. నిన్నటిది కాబట్టి రుచిగా ఉందని కబురు వచ్చింది.

బిగించాక ముందు చక్రాలు నేల వదిలేలా జాకీతో లేపి, స్టాండ్లు పెట్టి, ఇంజను వేయకుండానే స్టీరింగు ఆ చివరినుంచి ఈ చివరికి ఇరవైసార్లు. చిన్నవాడు బస్సు తోలుతున్నానని కేకలు, నేను డబ్బాలో బుడగలు చూస్తూ ఆయిలు పోయడం. గాలి మిగిలితే నురగ కట్టి మళ్ళీ మూలుగుతుంది. బుడగలు ఆగాక ఇంజను వేశాం. చప్పుడు లేదు! ఒక్క వేలితో తిరిగింది. కోరిక తీరినవాళ్ళు వదిలిన రొట్టెను కోరేవాళ్ళు పట్టుకునే మన రొట్టెల పండుగలో నువ్వు ఉద్యోగ రొట్టె పట్టుకుంటే నేను నీకు తోడుగా చెరువులో ఊరికే నిలబడ్డాను కదా, వచ్చే ఏడు పంపు రొట్టె ఒకటి నేనే వదులుతాను, ఎవరికి కావాలో వాళ్ళు పట్టుకుంటారు.

ఈరోజు పొద్దున ముగ్గులో మళ్ళీ ఎర్ర చుక్క. గుండె ఆగింది. మోకాళ్ళ మీద కూర్చుని వాసన చూస్తుంటే అమ్మ వెనకనుంచి, "అది కుంకుమేరా, నేనే పెట్టాను" అంది.

సంక్రాంతికి వస్తున్నావా లేదా అది రాయి ముందు. ఒంగోలు దాకా వస్తే పెద్దమ్మతో ఎదురొస్తాను, కానీ ఈసారి ఇసుకలో దిగితే మాత్రం నువ్వు బయటికి వచ్చి... పోస్టుమాన్ గేటు దగ్గరే ఉన్నాడు, కవరుకు జిగురు కూడా