దానమిచ్చిన సైకిల్‌ను బడి ఎందుకు అమ్మింది?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన శనివారం నుంచి మన క్లాసు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తిరుగుతోంది. బడి గ్రౌండులో ఒక ఎర్ర సైకిల్, దాని హ్యాండిల్‌కు కట్టిన 1,200 రూపాయల చీటీ. కింద "మేం ఊరికే ఇస్తే వీళ్లు అమ్ముకుంటున్నారు" అని ఎవరో రాశారు. ఆ తర్వాత ఎవరికి తోచింది వాళ్లు రాశారు. నేరుగా నన్నొచ్చి అడిగినవాళ్లు మాత్రం చాలా తక్కువ. అందుకే అందరికీ ఒకేసారి చెబుతున్నాను.

అవును, అమ్మాం. ఇకముందు కూడా అమ్ముతాం. మీ ఇళ్లలో వాడకుండా ఉన్న సైకిళ్లు బడికి ఇమ్మని జులైలో పిల్లలతో పంపిన కాగితంలో ఈ మాట ఉంది: పెద్ద సైకిళ్లు బాగుచేసి దగ్గర్లోని ప్రభుత్వ హైస్కూలు పిల్లలకు ఇస్తాం, చిన్నవీ గేర్లవీ అమ్మి ఆ డబ్బు రిపేర్లకు వాడతాం అని. ఆ కాగితం మీద మీ సంతకాలున్నాయి. సంతకానికి ముందు ఒక్కసారి చదవమని మనవి. బస్సు హారన్ కొడుతుంటే లిఫ్టులో నిలబడి పెట్టే సంతకాల సంగతి పిల్లలే మాకు చెబుతున్నారు. మందుల అలర్జీ ఫారాలు కూడా సగం ఖాళీగా వస్తున్నాయి, అది నాకు ఇంకా పెద్ద టెన్షన్.

ఇక అసలు విషయం. మీరు పంపేవాటిలో ఎక్కువ భాగం 12, 16, 20 అంగుళాల చక్రాల చిన్న సైకిళ్లు. పుట్టినరోజుకు కొంటారు, రెండేళ్లకు పిల్లల మోకాళ్లు హ్యాండిల్‌కు తగులుతాయి. హైస్కూలుకు నడిచి వెళ్లే ఆడపిల్లకు అవి పనికిరావు. ఆమెకు 24 లేదా 26 అంగుళాల మామూలు సైకిల్ కావాలి. వెనక క్యారియర్, మడ్‌గార్డు, చున్నీ పడకుండా చైన్ కవర్, మంచి తాళం ఉండాలి. గేర్లు, ముందు షాక్‌లు ఉన్నవి చూడ్డానికి బాగుంటాయి కానీ, గేరు దగ్గర చిన్న ముక్క వంగితే బస్తీలోని పంక్చర్ షాపులో దానికి సామాను దొరకదు. నెల తిరక్కుండా మూలపడుతుంది. అలాంటిది చేతిలో పెట్టి ఫొటో దిగడం నాకు ఇష్టం లేదు.

పైగా ఏ సైకిలూ ఉన్నది ఉన్నట్టు ఇచ్చేలా రావడం లేదు. బాల్కనీలో ఎండకూ వానకూ ఉన్న టైరు పగుళ్లిస్తుంది. గాలి లేకుండా నిలబెట్టిన ట్యూబు మడత దగ్గర కారుతుంది. బ్రేకు వైరు తుప్పుపట్టి గొట్టంలోనే బిగుసుకుపోతుంది. రెండు టైర్లు, రెండు ట్యూబులు మారిస్తేనే వెయ్యి రూపాయల దాకా అవుతుంది. బ్రేకు షూలు, చైను, బెల్లు, తాళం వేరే. ఆ ఎర్ర సైకిల్ మీద వచ్చిన డబ్బుతోనే ఒక నీలం లేడీస్ సైకిల్‌కు టైర్లు పడ్డాయి. లెక్కల పుస్తకం ఆఫీసులో ఉంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు.

"ఆడవాళ్లకు బస్సు ఫ్రీయే కదా, సైకిల్ ఎందుకు?" అని ఒకరు అడిగారు. మన తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి వాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమే, మంచిదే. కానీ బిల్డింగు పనులు జరిగే చోట షెడ్లలో ఉండే కుటుంబాల దగ్గరికి బస్సు రాదు. సాయంత్రం స్పెషల్ క్లాసు అయ్యాక మెయిన్ రోడ్డు నుంచి చీకట్లో నడవాలంటే ఇంట్లో భయపడతారు. ముందు స్పెషల్ క్లాసు మానిపిస్తారు, తర్వాత బడే మానిపిస్తారు. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి ప్రభుత్వం డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. దాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు హైస్కూలులో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారనీ, మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గిందనీ తేల్చారు. బడి మూడు కిలోమీటర్లు, అంతకు మించి దూరమున్న ఊళ్లలోనే ఆ ఫలితం బాగా కనిపించింది. ఒక పిల్ల చదువు పదో తరగతి దాకా సాగడానికి రెండు చక్రాలు చాలుతున్నప్పుడు, అవి మన సెల్లార్లో దుమ్ముపట్టి ఉండటం నేను చూడలేను. ఈ విషయంలో నేను మొండిగా ఉంటే ఉండనివ్వండి.

ఈ సైకిళ్లు బాగుచేసే మన పిల్లల గురించి చెప్పకుండా ఉండలేను. క్లాసులో నోరు విప్పని ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి వీల్ బెండు తీయడం నేర్చుకున్నాడు. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి, చక్రం తిప్పి, రిమ్ము ఎక్కడ బ్రేకు షూకు రాసుకుంటుందో చెవిపెట్టి వింటాడు. అక్కడ సుద్దతో గీత గీసి, చిన్న పానాతో ఒక పుల్ల (స్పోక్) పావు వంతు బిగిస్తాడు, దాని పక్కనే అవతలి వైపు నుంచి వచ్చే పుల్ల అంతే వదులు చేస్తాడు, మళ్లీ తిప్పుతాడు. నేర్పిన మెకానిక్ తాతే "వీడి చెయ్యి మంచిది" అన్నాడు. ఏడో తరగతి అమ్మాయిలిద్దరు రాసే రిజిస్టర్ మా ఆఫీసు రిజిస్టర్ కన్నా నీటుగా ఉంటుంది. ఫ్రేమ్ నంబరు, వచ్చిన తేదీ, మార్చిన సామాను, ఎవరికి వెళ్లింది, అన్నీ ఉంటాయి. గ్రూపులో ఆ ఫొటో చూసి వాళ్లు ఎంత నొచ్చుకున్నారో మీకు తెలియాలి.

ప్రేమతోనే ఇంకో మాట. హైదరాబాద్‌లో నానక్‌రాంగూడ వైపు ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో వచ్చింది, నెత్తిన సోలార్ కప్పుతో. ఆదివారాలు అక్కడికి వెళ్తున్నారని పిల్లలు చెబుతారు, సంతోషం. మిగతా ఆరు రోజులు రెండు వీధుల అవతల నుంచి కార్లో దింపి, గేటుకు అడ్డంగా ఆపి, లంచ్ బాక్స్ కోసం డిక్కీ వెతుకుతుంటే వెనక బస్సులన్నీ ఆగిపోతున్నాయి. దయచేసి గేటుకు దూరంగా ఆపండి, పిల్లలను ఆ నాలుగడుగులు నడవనివ్వండి.

ఎఫ్‌ఏ మార్కుల రిపోర్టులు, దసరా సెలవుల తేదీలు, బతుకమ్మ రోజు డ్రెస్సు వివరాలు డైరీలో ఉన్నాయి. ఫీజు గడువు ఈ నెలాఖరు.

వచ్చే శనివారం ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు దాకా మళ్లీ సైకిళ్లు తీసుకుంటాం. ఊరికే ఇవ్వకుండా అమ్మదలచుకున్నవారు తామే ధర చెప్పొచ్చు, సగం రిపేర్ల నిధికి ఇస్తే చాలు. డ్రైవర్‌తో పంపి వాచ్‌మన్ దగ్గర వదిలెయ్యకండి. మీ అబ్బాయో అమ్మాయో దగ్గరుండి రిజిస్టర్‌లో రాయించాలి. తాళం ఉంటే చెవి కూడా తెండి.

మీ ప్రిన్సిపాల్