గిర్మాజీపేటల ఇల్లు దొరికింది

దోస్త్,

రాసేటోళ్ళకు, ఫోటోలు తీసేటోళ్ళకు కలిపి మనం పెడ్దామనుకున్న కళాకేంద్రానికి ఇల్లు దొరికింది! ముందుగాల ఆ మాట చెప్తేనే నా పానం నిమ్మళమైతది. మిగతా ముచ్చటంతా తర్వాత.

వరంగల్ గిర్మాజీపేటల పాత పెంకుటిల్లు. నడుమ వాకిలి, చుట్టూ నాలుగు అర్రలు, ముందట పెద్ద అరుగు. వీధి దర్వాజ చూసినవంటే నువ్వు అక్కడే ఆగిపోతవు. మన గుడిమల్ల భరత్ భూషణ్ ఊరూరు తిరిగి తెలంగాణ తలుపులను, గోడలను, బతుకమ్మలను ఫోటోలు తీసిండు గదా, ఆయన కంట పడవలసిన దర్వాజ అది. 2022 జనవరిల ఆయన పోయిండు. ఉండి ఉంటే మొదలు పిలిచేది ఆయననే. ఇంటామె కొడుకులిద్దరు దేశం దాటిన్రు. "మనుషులు మసిలితే ఇల్లు నిలుస్తది, తాళమేస్తే కూలుతది" అని ఆమె మనకు ఇయ్యనీకి ఒప్పుకున్నది. కిరాయి నెలకు ఆరు వేలు. పెంకులు సదురుకునుడు, సున్నమేసుకునుడు మన పని. పోయిన ఆదివారం అందరం కలిసి వాకిలంతా కడిగినం. పొద్దుగూకినంక ఆ అరుగు మీద కూసుంటే లేవబుద్ధి కాలె.

నీ ఉత్తరంల అడిగినవు గదా, "కాళోజీ కళాక్షేత్రం ఉన్నంక మల్ల ఇంకో కళాకేంద్రం ఎందుకురా?" అని. ఆ మాట నన్ను వారం పొడుగూతా పట్టుకున్నది. నీతోనే ముందు తేల్చుకోవాలె అనిపించింది, ఎందుకంటే ఊళ్ళె సగం మంది గిదే అడుగుతున్నరు.

కళాక్షేత్రం మనకు కావాల్సిందే. 2014ల శంకుస్థాపన చేసిన్రు, 2024 నవంబర్ల తలుపులు తెరిచిన్రు, పదేండ్లు ఎదురుచూసినం. బాలసముద్రం దిక్కు పోయినప్పుడల్లా దాన్ని చూసి నా కండ్లు నిండుతయి. నేరెళ్ళ వేణుమాధవ్ కళాప్రాంగణం ఉన్నది, పోతన విజ్ఞానపీఠం ఉన్నది, అంబేద్కర్ భవన్ ఉన్నది. అయితే ఇవన్నీ తయారైనదాన్ని పదిమందికి చూపెట్టే తావులు. తయారయ్యేదానికి తావేది? అచ్చుకు పోకముందు కథను ఎక్కడ చదివి వినిపియ్యాలె? తీసిన ఫోటోను కాగితం మీదికి తెచ్చి, గోడకు పెట్టి, నలుగురితోని ఎక్కడ చూపిచ్చుకోవాలె?

మన రాసేటోళ్ళ గతి నీకు తెలువంది కాదు. రాత్రుళ్ళు రాసి, జీతంల నుంచి మిగిల్చి, సొంత పైసలతోని ఐదు వందల కాపీలు ఏపిస్తరు. ఆవిష్కరణ సభ అయితది, శాలువలు కప్పుకుంటరు, ఫోటోలు దిగుతరు. తెల్లారి నుంచి ఆ కట్టలు మంచం కింద ఉంటయి. ఏ ఒక్కరన్నా అచ్చుకు ముందే దాన్ని పట్టి చదివి, "ఈ మూడో కథ ఇంకా పండలె, ఈ పాత్ర మాట్లాడే తీరు మన దిక్కుది కాదు" అని చెప్పి ఉంటే పుస్తకం ఎంత మారిపోవు! ఆ మాట చెప్పే మనిషి దొరకకనే ఎన్ని మంచి చేతులు ఆగిపోయినయో. ఫోటోగ్రాఫర్లది ఇంకో తీరు. నువ్వు కొత్తవాడల జంపఖానాల మగ్గాల మీద తీసినవు గదా, రెండు వానకాలాలు పడి తీసినవు. వరంగల్ జంపఖానాలకు 2018ల జీఐ గుర్తింపు, అంటే ఇవి ఈ ఊరి సరుకే అనే భౌగోళిక గుర్తింపు, వచ్చినప్పుడు పేపర్లన్నిట్ల మగ్గాల ఫోటోలే. నీవి మాత్రం హార్డ్ డిస్కులనే ఉన్నయి. నాకు ఇప్పటికీ మనసు మండుతది.

ఇట్ల జనం జమై తమ తావు తామే కట్టుకునుడు ఈ ఊరికి కొత్త కాదు. నిజాం కాలంల, తెలుగు చదువుకే దిక్కులేని దినాలల్ల, 1904ల హనుమకొండల రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం పెట్టిన్రు. హైదరాబాద్‌ల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వచ్చిన మూడేండ్లకే మనది వచ్చింది. 1944ల వరంగల్ ఖిలాల సారస్వత పరిషత్తు సభకు వేసిన పందిరి కాలబెడితే, ఆ కాలిన తావులనే కవులు నిలబడి కవిత్వం చదివిన్రు, దాశరథి చదివిండు. తర్వాతి కాలంల కాళోజీ అన్నదమ్ములున్న మిత్రమండలిల రాసినోళ్ళు రాసింది చదివి వినిపించేటోళ్ళు, విన్నోళ్ళు ఉన్న మాట ఉన్నట్టు చెప్పేటోళ్ళు. నేను ఆశపడేది ఆ కూర్చునుడు మల్ల రావాలని. దానికి కెమెరా పట్టినోళ్ళను గూడ పక్కన కూసోబెట్టాలని.

ఇగ ఇంట్ల ఏ అర్రల ఏముంటదో చెప్త.

వాకిట్లకు తెరుచుకునే పెద్ద అర్రల బల్లలు. రాసుకునేటోళ్ళకు పొద్దున ఆరు నుంచి తీసి ఉంటది, రాత్రి తొమ్మిది దాక. ఇంట్ల చోటు లేక, చప్పుడుకు రాయలేక ఆగిపోయిన ఆడవాళ్ళు ముగ్గురు ఇప్పటికే పేరిచ్చిన్రు. వాళ్ళ కోసమన్న ఈ అర్ర ముందుగాల తయారు కావాలె. నెల మొదటి ఆదివారం రాతప్రతి చదువుడు. నియమం ఒక్కటే: చదివినోళ్ళు వినేటప్పుడు జవాబు చెప్పొద్దు, అందరు మాట్లాడినంకనే నోరు తెరవాలె. మెచ్చుకోలు మాటతోని సరిపెట్టుకునేటోళ్ళు గూడ ఏ వాక్యం నచ్చిందో చూపియ్యాలె.

పక్క అర్రల కంప్యూటర్, స్కానర్. మన ప్రెస్సులల్ల ఇంకా యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లే నడుస్తున్నయి గదా. యూనికోడ్‌ల టైపు చేసుకున్నది అనుకు మార్చేసరికి వత్తులు చెదురుతయి, గుణింతాలు దొర్లుతయి, ప్రూఫులు దిద్దుకుంట దిద్దుకుంట మనిషికి విసుగొస్తది. పేజీలు మనమే యూనికోడ్‌ల కట్టుకుని నేరుగ అచ్చుకు ఇచ్చుడు నేర్పుతం. అచ్చుల పదహారు పేజీల ఫారం లెక్క ఏంది, పుస్తకం సైజులల్ల డెమ్మీకి క్రౌన్‌కు తేడా ఏంది, యాభై కాపీలు డిజిటల్‌ల ఏపిచ్చుకుంటే కాపీ ఖరీదు ఎక్కువైనా చేతి పైసలు తక్కువ మునుగుతయని, ఇవన్నీ కూసోబెట్టి చెప్పేటోళ్ళు కావాలె. పుస్తకానికి గుర్తుగ ఉండే ఐఎస్‌బీఎన్ నంబర్‌కు నడుమ మనిషికి పైసలిచ్చినోళ్ళను నేనెరుగుదును. ఢిల్లీల రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ దాన్ని ఉచితంగనే ఇస్తది, దరఖాస్తు పెట్టుకుంటే చాలు.

మూడో అర్ర, వెనక వంటింటి పక్కది, నీ కోసం చూసి పెట్టిన. కిడికీ ఒక్కటే. దాన్ని మూస్తే గుడ్డి చీకటి. నీ దగ్గర మూలకు పడి ఉన్న ఎన్‌లార్జర్, అదే నెగెటివ్‌ను పెద్దగ చేసి కాగితం మీద పడగొట్టే మిషను, తెస్తే ఫోటోలు కడిగే డార్క్‌రూమ్ అయితది. ఈ కాలం పోరగాళ్ళు ట్రేల కాగితం మీద బొమ్మ పైకి తేలుడు ఒక్కపారి కండ్లతోని చూడాలె. ఒక్కపారి చూస్తే షట్టర్ నొక్కే ముందు ఆగుడు దానంతట అదే వస్తది.

ప్రదర్శనకు వాకిలి చుట్టు గోడలు. సున్నపు గోడ వానకాలం చెమ్మ పట్టుకుంటది, ప్రింటు గోడకు ఆనితే పాడైతది. అందుకే పైన తీగ గుంజి, క్లిప్పులతోని, గోడకు రెండు వేళ్ళ ఎడం ఉంచి వేలాడదీస్తం. వాకిట్ల నుంచి వచ్చే వెలుతురు సక్కగ మీద పడది, చుట్టు తిరిగి మెత్తగ వస్తది. దానంత మంచి లైటు ఏ హాల్ల ఉంటది? ఫ్లెక్సీ మాత్రం ఆ ఇంట్లకు రాదు. దీని మీద మనోళ్ళు గట్టిగనే కొట్లాడిన్రు. దాతల పేర్లన్న ఫ్లెక్సీ మీద ఏసి దర్వాజ మీద కట్టాలె గదా అని ఒకాయన పట్టుబట్టిండు. నేను ఒప్పుకోలె, ఒప్పుకోను. శాలువలు, దండలు, ముఖ్య అతిథులు ఏవీ ఉండవు. పైసలు సభ్యుల చందాలే, నెలకు రెండు వందలు. చదువుకునే పిల్లలకు చందా లేదు.

నాకు అన్నిటికంటె పెద్ద ఆశ నాలుగో అర్ర మీద ఉన్నది. పాత స్టూడియోల నెగెటివ్‌లు, దోస్త్! డిజిటల్ వచ్చినంక ఎన్ని స్టూడియోలు మూతపడ్డయో నీకు ఎరుకే. ఆ పెట్టెలల్ల పెండ్లిళ్ళు, బడి గ్రూపు ఫోటోలు, దుబాయికి పోయేటోళ్ళు పాస్‌పోర్టు కోసం దిగినయి, 1934ల పెట్టిన ఆజంజాహీ మిల్లు కార్మికులు ఇంటిల్లిపాదితోని దిగినయి. ఈ ఊరి మొఖమంతా ఆ పెట్టెలల్ల ఉన్నది, బూజు పడుతున్నది. సాయుధ పోరాటం నాటి మనోళ్ళను బెంగాల్ నుంచి వచ్చిన సునీల్ జానా ఫోటోలు తీసిండు కాబట్టి తుపాకులు పట్టిన ఆ ఆడవాళ్ళ మొఖాలు మనకు దక్కినయి. మన సొంత స్టూడియోలోళ్ళు తీసిన లెక్కలేనన్ని మొఖాలను మనమే పోగొట్టుకుందామా? లైట్ బాక్స్ మీద పెట్టి, మాక్రో లెన్సుతోని ఒక్కొక్కటి కాపీ తీస్తం. అసలువాటిని శుభ్రం చేసి, చెమ్మ పీల్చే సిలికా జెల్ ఏసి డబ్బాలల్ల పెడ్తం. స్టూడియో వాళ్ళ పేరు, ఊరు, సంవత్సరం రాసుడు మా రాసేటోళ్ళ పని. ఫోటోల ఉన్నోళ్ళు, వాళ్ళ బిడ్డలు వచ్చి గుర్తుపడితే వాళ్ళు చెప్పే కథ గూడ అక్కడనే రాసి పెడ్తం. రాత, ఫోటో ఒక్క కప్పు కింద ఎందుకు అని అడిగినోళ్ళకు నేను ఈ అర్రనే చూపిస్త.

హక్కుల సంగతి గూడ నేర్పాలె. నీ ఫోటో ఒక క్యాలెండర్ల పేరు లేకుంట అచ్చయిన నాటి నీ మొఖం నేను మర్వలె. ఆ తర్వాత నేను 1957 కాపీరైట్ చట్టం కూసోని చదివిన. ఎవరన్న పైసలిచ్చి ఫోటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకుంటే మొదటి హక్కు తీయించుకున్నోళ్ళదే. పెండ్లి ఫోటోలు తీసేటోళ్ళల్ల ఎంతమందికి ఈ ముచ్చట తెలుసు? నీ అంతట నువ్వు తీసుకున్నదాని మీద హక్కు నీదే. రాసేటోళ్ళు ప్రచురణకర్తకు హక్కులు రాసిచ్చేటప్పుడు కాగితంల గడువు రాయకపోతే ఐదేండ్లే అని లెక్క. హక్కు అమ్మేసుకున్నా నీ పేరు నీకు ఉండాలె అనే హక్కు మాత్రం పోదు. ఇంకోదిక్కు, మనం ఎవరి ఫోటో తీస్తమో వాళ్ళకు గూడ హక్కుంటది. మేడారం జాతరల పూనకమొచ్చిన తల్లుల మొఖంల కెమెరా పెట్టి తీసుకొస్తరు, పేరడగరు, మాట అడగరు. అట్ల తీసింది ఎంత మంచిగున్నా మన గోడకెక్కదు. దీని మీద నువ్వు వేరే అనుకుంటవేమో, వచ్చినంక కొట్లాడుదాం.

తెరిచే దినం ఎట్ల కుదిరిందో చెప్తే సంబురపడతవు. సెప్టెంబర్ 9, కాళోజీ పుట్టినరోజు, భాషా దినోత్సవం, ఆ రోజే కావాలన్నరు రాసేటోళ్ళు. ఆగస్టు 19 అన్నరు ఫోటోగ్రాఫర్లు. 1839ల ఆ రోజే ఫ్రాన్స్‌ల డాగేర్ ఫోటో తీసే పద్ధతిని లోకానికి వెల్లడి చేసిన్రు, ప్రపంచ ఫోటోగ్రఫీ దినం అదే. రెండిటి నడుమ సరిగ్గ మూడు వారాలు. అయితే మూడు వారాలూ మనవే! ఆగస్టు 19న ఫోటోలతోని దర్వాజ తెరుస్తం, సెప్టెంబర్ 9న చదువుడుతోని పూర్తి చేస్తం. ఆ నడుమ ఒక్కొక్క రచయిత, ఒక్కొక్క ఫోటోగ్రాఫర్ జంటగ కలిసి ఊరు మీద పడతరు. ఒక జంట కొత్తవాడకు, ఒకటి కాజీపేట రైల్వే క్వార్టర్లకు, ఒకటి ఏనుమాముల మార్కెట్ హమాలీల దగ్గరికి. వాళ్ళు తెచ్చిన ఫోటోలూ రాతలూ ఆఖరి దినం గోడల మీద పక్కపక్కన ఉంటయి. మొదటి దినం గోడ మీద మాత్రం నీ మగ్గాలు ఉండాలె. ఇది నా ఒక్కని మాట కాదు, అందరం కూసోని అనుకున్నం.

అసలు ఈ ఉత్తరం రాసిన పని ఇప్పుడు చెప్త. సొసైటీగ రిజిస్టర్ చేయాలంటే చట్టం ప్రకారం కనీసం ఏడుగురుండాలె. మేము ఆరుగురం సంతకాలు పెట్టినం. ఏడో గీత ఖాళీగ ఉంచమని నేనే చెప్పిన. పెట్టడానికి ఊళ్ళె మనుషులున్నరు, కానీ ఆ తావు నీది. దూరముంటున్న గదా అనకు, వారం వారం రమ్మంటలేను. మెమోరాండం, నియమావళి కాగితాలు ఈ ఉత్తరంతోనే పెడుతున్న. నియమావళి మొత్తం చదువు. ఫోటోల హక్కుల మీద రాసిన భాగం జర గట్టిగ చూడు, దిద్దాలనిపిస్తే ఎర్ర పెన్నుతోని దిద్దు. సంతకం పెట్టి, ఆధార్ కాపీ జతచేసి, వచ్చే శుక్రవారం లోపల నాకు చేరేటట్టు పంపు, సోమవారం జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకు పోతున్నం. ఎన్‌లార్జర్‌ను మాత్రం పార్సిల్ చెయ్యకు, లెన్సు పగులుతది. వచ్చేటప్పుడు ఒళ్ళె పెట్టుకుని తీసుకరా.

అమ్మకు దండాలు చెప్పు. పిల్లలను అడిగిన అని చెప్పు.

నీ దోస్త్